పంక్తి చివర రెండు గీతలు

టెన్‌బీ పక్క ఊరు, వేల్స్
12 జనవరి 2025

ఒరేయ్ ఏబెల్,

ఉత్తరం చూసి కంగారుపడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్‌లో అయితే మనిద్దరం పది నిమిషాల్లో పోట్లాటకు దిగుతాం. ఉత్తరాల్లో పోట్లాడుకోవాలంటే కనీసం రెండు వారాలు పడుతుంది. అందుకే ఈ సంగతి కాగితం మీద పెడుతున్నాను.

ఏప్రిల్ ఆఖరుతో ఆస్పత్రిలో నా డ్యూటీ అయిపోతుంది. ఇరవై రెండేళ్లు! వచ్చిన కొత్తలో ఇక్కడి ముసలివాళ్ల ఊర్ల పేర్లు పలకలేక వార్డులో ఏడ్చేదాన్ని. పక్కింటి గ్వెన్ గుర్తుందా, బడిలో టీచరుగా చేసినావిడ? ఆవిడ నన్ను తన వంటింట్లో కూర్చోబెట్టి, టీ పోసి, ఒక్కొక్క పేరూ పదిసార్లు పలికించింది. నర్సు జయకుమారి అని నా పేరు పూర్తిగా పలకడం కూడా తనే ముందు నేర్చుకుని ఊరికి నేర్పింది. ఇలాంటి ఊరికి ఏమీ ఇవ్వకుండా రిటైర్ కావడానికి నాకు మనసొప్పడం లేదు.

గ్వెన్, ఇంకొందరూ కలిసి ఒక బృందం పెట్టుకున్నారు. వేల్స్‌లో పుట్టిన శాస్త్రవేత్తలకీ, కొత్త పరికరాలు కనిపెట్టినవాళ్లకీ వాళ్ల వాళ్ల ఊళ్లలో గోడల మీద చిన్న ఫలకాలు పెట్టించాలని వాళ్ల పట్టుదల. ఎంతమంది ఉన్నారో తెలుసా! మనం బళ్లో 'పై' అని బట్టీపట్టిన గ్రీకు అక్షరాన్ని వృత్తం లెక్కలోకి తెచ్చినాయన కూడా ఇక్కడివాడే. ఈసారి మా ఊరి బడి గోడ మీద రాబర్ట్ రికార్డ్ అనే డాక్టరు పేరు పెడుతున్నారు. టెన్‌బీలో పుట్టాడు. పాపం, చివరికి జైల్లో పోయాడు.

మీటింగులో నా నోరు ఊరుకోలేదు. "మా తమ్ముడు దోహాలో ఇత్తడి మీద చేత్తో అక్షరాలు చెక్కుతాడు, ఈ ఫలకం మా ఇద్దరి తరపున ఊరికి" అనేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక నువ్వు కాదంటే నా పరువు పోతుంది.

ఇంకో మాట. ఆయన లెక్కల్లో ఒక గుర్తు కనిపెట్టాడు. మనం రోజూ వాడేదే. ఏదో చెప్పను, చెక్కేటప్పుడు నీకే తెలుస్తుంది. నాన్న ఉంటే ఇలాగే అడిగేవారు. ఫోన్‌లో వెతికావో, అది చూచిరాత కిందే లెక్క.

నీ జవాబు కోసం గేటు దగ్గరే నిలబడి ఉండే
అక్క

*

ఫరీజ్ అబ్దుల్ అజీజ్, దోహా
29 జనవరి 2025

అక్కా,

నీ ఉత్తరం మా కంపెనీ పోస్టాఫీసు పెట్టెలోంచి ముదీర్ చేతికి (మేనేజరుని ఇక్కడ అలాగే అంటారు), అక్కడినుంచి నా చేతికి వచ్చింది. "ఎవరైనా పోయారా?" అని ఆయన జాలిగా అడిగాడు. ఈ రోజుల్లో కాగితం మీద ఉత్తరం వస్తే అందరికీ ముందు అదే అనుమానం.

నాకూ ఆ డాక్టరుగారి సంగతి చదివి బాధేసింది. నీతో పనిచేసినాయనేనా? అంత చదువుకున్న మనిషిని జైల్లో పెట్టడం ఏమిటి? వాళ్లింట్లోవాళ్లకు నా సానుభూతి చెప్పు. పుట్టిన తేదీ, పోయిన తేదీ, బైబిల్ వాక్యం ఏది వేయాలో రాయి. సిలువ పైన పెట్టాలా, పక్కన పెట్టాలా?

గోడ మీద పెట్టేదంటున్నావు కాబట్టి శిలాఫలకం పద్ధతి కూడా కలపాలేమో. ప్రారంభించేది ఎవరు? వాళ్ల ఎమ్మెల్యే పేరు ఎంత పెద్దగా వెయ్యాలి? సర్పంచి, దాతలు, కమిటీ సభ్యులు అందరి పేర్లూ వరసగా రాసి పంపు. తర్వాత ఒకరి పేరు పైకీ ఒకరి పేరు కిందకీ అయిందని ఊళ్లో గొడవ వస్తే ఖతర్ నుంచి నేను వచ్చి సర్దలేను. అన్ని పేర్లూ వేశాక డాక్టరుగారి పేరుకు ఎంత జాగా మిగుల్తుందో చూడాలి.

పని చేస్తాను, దానికేం. అల్ ముంతజాలోని మా వర్క్‌షాపులో ఇప్పుడు మొత్తం మెషీనే చెక్కుతోంది. నా ఉలులు పెట్టెలో పడి ఉన్నాయి. ఎప్పుడో ఒక విల్లా గుమ్మానికి అరబ్బీ పేరు చేత్తో కావాలంటే నన్ను పిలుస్తారు. చేత్తో పని ఇచ్చినందుకు నీకు థాంక్స్ అక్కా, నిజంగానే.

కానీ నాన్న పేరెత్తి లెక్కల పొడుపు వేయడం అవసరమా? లెక్కలన్నా, ఆ గుర్తులన్నా నాకు ఇప్పటికీ ఒళ్లుమంట. లెక్కల మాస్టారు నిత్యానందంగారి కొడుకే పదో తరగతి లెక్కల్లో తప్పాడని పాలకొల్లు దాకా తెలిసింది. మార్కుల కాగితం చూసి నాన్న తిట్టలేదు, కొట్టలేదు. మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత ఎప్పుడూ నా ముందు లెక్కల మాటే ఎత్తలేదు. నువ్వు ఆయనకు సరైన జవాబువి, నేను కొట్టివేతను. సరే, వదిలెయ్.

ఉలులకు పదును పెట్టుకుంటున్న
ఏబెల్

*

టెన్‌బీ పక్క ఊరు
12 ఫిబ్రవరి 2025

సానుభూతి తెలిపిన తమ్ముడికి,

నీ ఉత్తరం గ్వెన్‌కు ఇంగ్లీషులో చెప్పబోయి నవ్వలేక చచ్చాను. ఒరేయ్, రాబర్ట్ రికార్డ్ పోయి నాలుగు వందల అరవై ఏళ్లు దాటింది! వాళ్లింట్లోవాళ్లను నేనెక్కడ వెతికేది?

ఇది సమాధి రాయి కాదు. సిలువ వద్దు, వాక్యం వద్దు. ఎమ్మెల్యే లేడు, సర్పంచి లేడు. దాతల పేర్లు అడిగితే గ్వెన్ "ఎందుకు?" అంది. ఆయన పేరొక్కటే ఉంటుంది. నీ పేరూ ఉండదు, నా పేరూ ఉండదు.

ఆయన గొప్ప ఏమిటంటే, ఆ రోజుల్లో పండితులంతా లాటిన్‌లో రాస్తుంటే ఈయన లెక్కల పుస్తకాలు ఇంగ్లీషులో రాశాడు, మామూలు మనిషికి అర్థం కావాలని. ఇక్కడి సొంత భాష వెల్ష్‌లో రాయలేదని గ్వెన్‌కి ఇప్పటికీ కోపమే. చదువుతుంటే నాకు మన అరుగు గుర్తొచ్చింది. సాయంత్రాలు నాన్న జాలరి పిల్లల్ని కూర్చోబెట్టుకుని చేపల గంపలతో కూడికలు చెప్పేవారు కదా. ఆయనకు మనం ఏ గోడ మీదా పేరు పెట్టలేదు. ఈ ఫలకం చూసినప్పుడల్లా నేను మాత్రం ఇద్దరికీ దండం పెట్టుకుంటాను.

విడి కాగితం మీద వెల్ష్‌లో, ఇంగ్లీషులో చేత్తో రాసి పెట్టాను. ఏ పంక్తి ఎక్కడ ఆగాలో అలాగే రాశాను. అర్థం ఇది:

ఈ ప్రాంతపు బిడ్డ, వైద్యుడు,
రాబర్ట్ రికార్డ్
లోకానికి ఒక గుర్తునిచ్చాడు =
మామూలు మనిషికి లెక్క నేర్పాడు

అక్షరం పోకూడదు రా. ఇక్కడివాళ్లు తమ భాష విషయంలో చాలా పట్టింపు మనుషులు. గోడకు బిగించేది మే పదో తేదీ, శనివారం. ఆ రోజు బడి పిల్లలందరూ వస్తారు.

నాన్న సంగతి నువ్వు రాసింది చదివాను. మళ్లీ చదివాను. నువ్వు కొట్టివేతవని ఎవరన్నారు రా?

నవ్వి నవ్వి ఏడ్చిన
అక్క

*

దోహా
10 మార్చి 2025

పెద్ద కమిటీ మెంబరుగారైన అక్కకు,

రంజాన్ కదా, డ్యూటీ రెండింటికల్లా అయిపోతోంది. ముదీర్‌ని అడిగితే, "నీ సొంత పని, నీ సొంత టైము, యల్లా, కానివ్వు" అన్నాడు. ఇత్తడి రేకు కూడా ఆయనే మంచిది ఏరి ఇచ్చాడు. మీ అక్క ఊరికి నా సలాం అన్నాడు. ఎనిమిది మధ్యాహ్నాలు పట్టింది. ఆ ఎనిమిది రోజులూ నాకు ఫోన్ చూడబుద్ధి కాలేదంటే నమ్ము.

ఆ వెల్ష్ రాత ఏమిటక్కా! ఎల్ పక్కన ఇంకో ఎల్, డి పక్కన ఇంకో డి. పొరపాటున రెండుసార్లు రాశావేమో అనుకుని ఒకటి తీసేయబోయాను. బాషా పక్కనే ఉన్నాడు కాబట్టి సరిపోయింది. రాయచోటి బాషా తెలుసు కదా నీకు, ఒక ఇంట్లో హౌస్ డ్రైవరు, నా గదిలోనే ఉంటాడు. "అన్నా, ఆ కాగితంలో ఎట్లుంటే అట్లే కొట్టు. నీకేమన్నా వాళ్ల బాస వచ్చునా, తప్పులు దిద్దేకి?" అన్నాడు. నోరు మూసుకుని ఉన్నది ఉన్నట్టు చెక్కాను.

ఆ గుర్తు ఏదో నేను కనుక్కున్నాను. నువ్వేం చెప్పనక్కర్లేదు. ఫోన్‌లో వెతకలేదు, ఎవరినీ అడగలేదు. నాన్న కొడుకునే కదా, ఆ మాత్రం తెలియదా!

పంపడం గురించి దిగులుపడకు. బాషా పనిచేసే ఇంటి అమ్మాయి కార్డిఫ్‌లో చదువుతోంది. పండగకు వచ్చింది, ఏప్రిల్ మొదట్లో వెళ్తుంది. బాషా వాళ్లందర్నీ మదీనత్ అల్ షమాల్‌లో చుట్టాలింటికి తీసుకెళ్తూ దారిలో అడిగాడట, మా అన్న చెక్కిన ఇత్తడి ఉంది, బరువు అని. "బరువైతే ఏం, నేను రెండు జతల చెప్పులు తగ్గించుకుంటా" అందట ఆ పిల్ల. ఇలాంటి వాళ్లు ఉండబట్టే ఇరవై ఏళ్లు ఇక్కడ గడిచాయి.

రేపు ఫలకం ఫోటో నీ ఫోన్‌కి పంపుతాను. చూసి సరే అంటేనే గుడ్డ చుట్టి పెట్టెలో పెడతాను.

చేతులకింకా ఇత్తడి వాసన పోని
ఏబెల్

*

టెన్‌బీ పక్క ఊరు
8 ఏప్రిల్ 2025

ఏబెల్,

ఆ అమ్మాయి నిన్న కార్డిఫ్ నుంచి రైల్లో వచ్చి, ఫలకాన్ని తన చేతులతో నాకిచ్చి వెళ్లింది. టీ కూడా తాగలేదు. నీ అక్షరాలు చూసి గ్వెన్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. వెల్ష్ అంత అందంగా చెక్కినవాడు వెల్ష్ రానివాడంటే ఆవిడ నమ్మలేదు.

తర్వాత ఆవిడ వేలితో పంక్తులు చదువుకుంటూ వచ్చి మూడో పంక్తి చివర ఆగింది. మళ్లీ చదివింది. ఇంగ్లీషు వైపు చూసింది. లేచి కెటిల్ పెట్టింది. ఇక్కడ కెటిల్ పెట్టారంటే ఏదో జరిగిందని అర్థం.

గుర్తు ఏది రా? ఆయన లోకానికిచ్చిన గుర్తు ఏది? సమానం గుర్తు! ఆ రెండు గీతలే కదా ఆయన బతుకంతా. వాటికోసమే కదా ఫలకం. పేరుంది, వైద్యుడని ఉంది, ఆ రెండు గీతలు లేవు. నా కాగితంలో రెండుచోట్లా స్పష్టంగా ఉన్నాయి, నకలు నా దగ్గరుంది. ఇంకోటేదో పోతే పొరపాటనుకునేదాన్ని. రెండు భాషల్లోనూ అదొక్కటే ఎలా పోయింది?

ఏం అనుకోవాలో నువ్వే చెప్పు. గుర్తు ఏదో కనుక్కున్నానని రాశావు. లెక్కల గుర్తులంటే ఒళ్లుమంటని కూడా నువ్వే రాశావు. తెలిసే తీసేశావా? నాన్న మీద నలభై ఏళ్ల కోపాన్ని ఈ పిల్లల బడి గోడ మీద తీర్చుకున్నావా? నేను నలుగురిలో నీ పేరు చెప్పి గర్వపడ్డాను రా.

ఊళ్లోని షాపువాడు మెషీన్ మీద ఇంకోటి వారంలో చేసిస్తానన్నాడు. గ్వెన్ తొందరపడొద్దంటోంది. నాకైతే దారి కనబడటం లేదు.

జయకుమారి

*

దోహా
22 ఏప్రిల్ 2025

అక్కా,

నిన్న ఈస్టరు సోమవారం నీ ఉత్తరం అందింది. కింద 'అక్క' అని కూడా రాయలేదు నువ్వు.

నేను కావాలని తీయలేదు. ఎందుకు తీశానో చెప్తాను, నమ్మితే నమ్ము. నా మీద కోపం పక్కన పెట్టి, నువ్వు నాకు రాసిన ఉత్తరాలకేమైనా నకళ్లుంటే తీసి చూడు. పంక్తి చివర జాగా చాలక మాట విరిగిన ప్రతిచోటా నువ్వేం పెట్టావు? రెండు గీతలు. 'కింది పంక్తిలోకి సాగుతుంది' అని. ఎవరు నేర్పారు నీకు? నాన్న. లోకమంతా ఒక చిన్న గీత పెడితే ఆయన రెండు పెట్టేవారు. మనిద్దరి చేతా అలాగే పెట్టించారు. నీ ఉత్తరం నిండా అవే గీతలు, నీ కాగితంలో మూడో పంక్తి చివరా అవే గీతలు. నా కళ్లకు తేడా ఎలా కనిపిస్తుంది? అక్కడ మాట విరగలేదు గానీ, వాక్యం కిందికి సాగుతోందనుకున్నాను.

పాలకొల్లులో గిన్నెల మీద పేర్లు చెక్కడం నేర్పిన వేణుగోపాలరావుగారు మొదటి రోజు చెప్పిన మొదటి మాట, విరుపు గీత కాగితానిదే, లోహానిది కాదు అని. పెళ్లి బిందె మీద పేరు పట్టకపోతే అక్షరాలు సన్నం చేయాలి గానీ మాట విరిచి గీత పెట్టకూడదు. ముప్పై ఎనిమిదేళ్లలో నా ఉలి ఒక్క విరుపు గీత కూడా చెక్కలేదు. అలవాటు కొద్దీ వదిలేశాను.

నేను కనుక్కున్నానని రాసిన గుర్తు ప్లస్. నవ్వుకో. సిలువలా ఉంటుంది, పైగా డాక్టరు కదా, ఆస్పత్రి బోర్డు మీదా అదే కదా అనుకున్నాను. నిన్ను అడగడానికి మొహం చెల్లలేదు. మళ్లీ లెక్కల్లో తప్పానని నువ్వంటావేమోనని భయం. యాభై నాలుగేళ్లొచ్చినా ఆ భయం పోలేదక్కా.

ఇంకొక్క మాట, కోపం తెచ్చుకోకు. మార్చిలో ఫోటో పంపాను కదా. నువ్వు "సూపర్ రా" అని పెట్టావు.

బాషాకు అంతా చెప్పుకున్నాను. వాడు విని, "ఏందన్నా, పోయినవి రెండు గీతలే గదా. ఆ గీతలు గూడా చేసి పంపిచ్చరాదా? దానికింత ఏడుస్తాండావే!" అన్నాడు. వాడు చెప్పేదాకా నాకు తట్టలేదు.

ఫలకం కోసిన రేకులోనే ముక్క మిగిలి ఉంది. అందులోంచి వెల్ష్ వైపు రెండు, ఇంగ్లీషు వైపు రెండు చిన్న పట్టీలు కోశాను. ఒకదాని మీద ఒకటి పెట్టి ఆకురాయితో అరగదీశాను. కొలిచాను. మళ్లీ అరగదీశాను. ఒక జతలో ఏది ఏదో నాకే తెలియనంత వరకు ఆపలేదు. ముదీర్ చూసి "ఖలాస్, చాలు" అన్నాడు, నేను వినలేదు. వాటి అడుగున మరలు పెట్టాను. మూడో పంక్తి చివర జాగా ఉంది, సరిగ్గా పడతాయి. చెక్కినట్టు లోపలికి ఉండవు, పైకి ఉబ్బి ఉంటాయి. అది మీ కమిటీకి నచ్చకపోతే మెషీన్ ఫలకమే పెట్టుకోండి. నా ఫలకం నాకు తిప్పి పంపు.

కొరియర్‌లో వస్తున్నాయి, అయిదారు రోజుల్లో అందుతాయి. అంతవరకు షాపువాడికి చెప్పకు, దయచేసి.

నీ తమ్ముడు ఏబెల్

*

టెన్‌బీ పక్క ఊరు
12 మే 2025

నా తమ్ముడు, నా బంగారం ఏబెల్‌కు,

ముందు క్షమించు. తర్వాత చదువు.

నీ ఉత్తరం రాగానే ఫోన్ తీసి నువ్వు పంపిన ఫోటో చూశాను. వార్డు వరండాలో పరుగున పోతూ వెల్ష్ అక్షరాలన్నీ ఉన్నాయా లేదా అని మాత్రమే చూశానురా ఆ రోజు. గీతలు లేవు. నాకూ కనబడలేదు. నేనూ ఆ ఇంట్లో పుట్టినదాన్నే కదా! గ్వెన్‌కు వెళ్లి చెప్పాను, సగం తప్పు నాదని. ఆవిడ పంక్తి చివరి గీతల కథ అంతా విని, ఒక దేశంలో సమానం, ఇంకో ఇంట్లో సాగింపు, రెండూ మంచి అర్థాలే అంది.

నువ్వన్నది నిజమో కాదో చూద్దామని నాన్న ఉత్తరాల కట్ట విప్పాను. నిన్ను నమ్మక కాదు, ఆ గీతలు చూడాలనిపించింది. నేను గుంటూరులో నర్సింగ్ చదివేటప్పుడు రాసినవి. ప్రతి పేజీలోనూ ఉన్నాయి. అందులో ఒకటి నీకోసం పక్కకు తీశాను. 1989 ఆగస్టు. నువ్వు పాలకొల్లులో పని నేర్చుకుని, మొదటిసారి నాన్న క్యారేజీ మీద ఆయన పేరు చెక్కి తెచ్చిన నెల. నాన్న రాసింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"క్యారేజీ స్టాఫ్ రూములో అందరికీ చూపించాను. నేను నల్లబల్ల మీద రాసింది గంట కొట్టగానే తుడిచేస్తారు. వీడు రాసింది తోమిన కొద్దీ మెరుస్తుంది. ఆ మార్కుల కాగితం వాడి ముందు మడిచినందుకు సిగ్గుపడుతున్నాను. నాకు మీరిద్దరూ సమానమే అమ్మా. వాడి ఎదుట నోరు పెగలదు. నువ్వు సెలవులకు వచ్చినప్పుడు ఈ మాట నా బదులు చెప్పు."

నేను చెప్పలేదు రా. ఆ సెలవులకు పరీక్షలని రాలేదు. తర్వాత మరిచిపోయాను. ముప్పై ఆరేళ్లు ఈ మాట నా పెట్టెలో పెట్టుకుని ఊరూరా తిప్పాను. నువ్వు కొట్టివేతవని ఎవరన్నారని నిన్ను అడిగాను చూడు, నువ్వలా అనుకోకుండా ఆపగలిగినదాన్ని నేనే. అసలు ఉత్తరం ఇందులో పెట్టి పంపుతున్నాను. అది నీది. రెండో పేజీ చూడు, నీ పేరు పంక్తి చివర పట్టలేదు. నాన్న దాన్ని ఎలా విరిచారో నీకే కనబడుతుంది.

ఇక శనివారం సంగతి. పట్టీలు బాగా ముందే అందాయి. గ్వెన్ తన చేతులతో మరలు బిగించింది. ఫలకం మీద గుడ్డ లాగాక, ఇది తయారైన కథ పిల్లలకు చెప్పమంది నన్ను. రికార్డ్ ఆ గుర్తుకు రెండు గీతలే ఎందుకు ఎంచుకున్నాడో మొదట చెప్పాను. ఆయనే రాశాడట, వీటికంటే సమానమైనవి లోకంలో ఏ రెండూ ఉండవని. తర్వాత మన నాన్న గురించి, ఆయన గీతల గురించి, వాటిని వదిలేసి మళ్లీ పంపిన తమ్ముడి గురించి చెప్పాను. అయిపోయాక పిల్లలు వరసలో నిలబడి ఒక్కొక్కరే వచ్చి ఆ గీతలు తాకి వెళ్లారు. పైకి ఉబ్బి ఉన్నాయి కదా, వేలికి తగులుతాయి. ఇవాళ పొద్దున పోస్టుకు వెళ్తూ చూశాను. వాన పడి, సముద్రపు గాలికి ఫలకం అప్పుడే కాస్త మసకబారింది. ఆ నాలుగు పట్టీలు మాత్రం తళతళలాడుతున్నాయి. బళ్లోకి పోతూ పిల్లలందరూ మళ్లీ ముట్టుకున్నారట.

షాపువాడు కూడా వచ్చి చూశాడు. చెక్కడం కంటే ఇదే నయం, నాకు తట్టేది కాదు అన్నాడు. ఆ కార్డిఫ్ అమ్మాయి, బాషా, మీ ముదీర్, అందరి పేర్లూ గ్వెన్ అడిగి రాసుకుంది. గోడ మీద వేయడానికి కాదు, థాంక్స్ కార్డులు పంపడానికి.

నాన్న మాటను ఆలస్యంగా చేర్చిన
నీ అక్క

*

దోహా
27 మే 2025

అక్కా,

నాన్న ఉత్తరం అందింది. మధ్యాహ్నం వర్క్‌షాపులో విప్పాను. చదవడం మొదలుపెట్టి ఆపేశాను. మళ్లీ మొదలుపెట్టాను. బాషా వచ్చి "ఏమైందన్నా?" అంటే కాగితం వాడి చేతికిచ్చాను. వాడికి తెలుగు చదవడం రాదు కదా, ఆ సంగతి మరిచిపోయాను. అందుకని నేనే గట్టిగా చదివి వినిపించాల్సి వచ్చింది. "సమానమే అమ్మా" అన్న ముక్క రెండుసార్లు చదివాను. వాడు నా భుజం మీద చెయ్యి వేసి, "మీ నాయన మంచోడన్నా. ఆలిస్యంగా చెప్పినా చెప్పినాడు గదా" అన్నాడు. అంతే, ఇద్దరం టీకి వెళ్లాం.

నువ్వు మరిచిపోయినందుకు నాకు కోపం లేదు. ముందే చెప్పి ఉంటే అప్పట్లో నేను నమ్మేవాణ్ణి కాదేమో. ఇప్పుడైతే ఆయన చేతిరాతలో నా దగ్గరుంది. నన్ను ఈ పనికి పిలిచినందుకు, నువ్వు కోప్పడినందుకు, ఆ కట్ట విప్పినందుకు, అన్నిటికీ నీకు రుణపడ్డాను. రికార్డ్‌గారికి కూడా. ఆయన ఆ గుర్తు పెట్టకపోతే నేను దాన్ని వదిలేసేవాణ్ణి కాదు, నువ్వు వెతికేదానివీ కాదు.

ముదీర్ నువ్వు పంపిన మీ బడి పిల్లల ఫోటో వర్క్‌షాపు తలుపుకు అంటించాడు. చేత్తో చెక్కే పని కావాలని వచ్చేవాళ్లకు ముందు అదే చూపిస్తున్నాడు. నా ఉలులు పెట్టెలోంచి బయటికి వచ్చాయి. రిటైరయ్యావు కదా, చలికాలం ఇక్కడికి రా. ఎండ మండదు. బాషా కారులో సముద్రం ఒడ్డంతా తిప్పుతాడు.

రెండో పేజీ చూశాను. పంక్తి చివర నా పేరు విరిగి, పక్కన రెండు గీతలు. ఇన్నేళ్లూ నన్ను కొట్టేశారనుకున్నాను. ఆయన మాత్రం కింది పంక్తిలో కొనసాగించారు. కాగితం మీదే కాబట్టి వేణుగోపాలరావుగారు కూడా ఏమీ అనరు. ఇకనుంచి నా సంతకం ఇదే.

నీ తమ్ముడు ఏ=
బెల్